ఊరికే ఆపిన కారు

పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరాలని పళ్ళ డాక్టరు ముందురోజే అందరికీ చెప్పాడు. చెప్పినట్టే ఆరింటికి కారులో కూర్చున్నాడు. ఆయన ఒక్కడే. భార్య లోపల కిటికీలు మూస్తోంది. అత్తగారు ఆ మూసిన కిటికీలు సరిగ్గా మూసిందో లేదో మళ్ళీ తెరిచి చూస్తోంది. మామగారు గేటు దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నారు. ఆయన స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆలస్యమంటే పడదు గాని, ఎదుటివాళ్ళు ఆలస్యం చేస్తుంటే నిలబడి చూడటం ఆయనకు మహా ఇష్టం.

"రైలైతే ఈపాటికి రెండో స్టేషన్ దాటుండేది," అన్నారు గేటుతో.

డాక్టరు వినపడనట్టు అద్దం తుడిచాడు. కారులోనే వెళ్దామని పట్టుబట్టింది ఆయనే. ఆ సాయంత్రం మరదలి కూతురు బళ్ళో నాటకం వేస్తోంది. పాప స్టేజి ఎక్కడం అదే మొదటిసారి. "పెదనాన్నా, నువ్వు రాకపోతే నేను డైలాగులు చెప్పను" అని ఫోన్లో బెదిరించింది. ఆ మాటకు డాక్టరు కరిగిపోయినమాట నిజమే. అయితే రైలు కాదని కారెక్కడానికి కారణం పాప కాదు, పాప తండ్రి.

ఆ తోడల్లుడికి టైల్స్ దుకాణం ఉంది, ప్రపంచంలోని ప్రతి వస్తువు మీదా ఒక అభిప్రాయం ఉంది. డాక్టరు ఈ పాత కారు కొంటున్నప్పుడు, "వద్దన్నయ్యా, ఈ బండి కొనేకంటే ఒక మెకానిక్కుని దత్తత తీసుకో. కనీసం పెద్దయ్యాక ఆదుకుంటాడు," అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరు భార్య కూడా నవ్వింది. అది ఆయన మరిచిపోలేదు. పైగా నెల తిరక్కుండా తోడల్లుడు తళతళలాడే కొత్త కారు కొని, దానికి రోజూ ఫొటోలు తీసి ఇంటిల్లిపాదికీ పంపుతున్నాడు. కాబట్టి ఇవాళ ఈ పాత కారే తోడల్లుడి గుమ్మం ముందు హుందాగా ఆగాలి. డాక్టరు అందులోంచి అలసట లేని ముఖంతో దిగాలి. అంతకు మించి ఆయనకు జీవితంలో పెద్ద కోరికలు లేవు.

భార్య వచ్చి పక్కన కూర్చుంటూ అడిగింది: "సర్వీసింగ్ చేయించారుగా?"

"అద్దంలా చేయించాను."

అద్దంలా ఉన్నమాట అబద్ధం కాదు. కారును కడిగించాడు. అంతవరకే చేయించాడు. భార్య ఆయన వంక ఒక్క క్షణం ఎక్కువ చూసి, తల తిప్పుకుంది. ఆవిడ బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలిస్తుంది. వాటంతటవే తగలబడిన గోడౌన్లూ, ఎవరూ లేనప్పుడు విరిగిన కాళ్ళూ ఆవిడ బల్ల మీదికి రోజూ వస్తుంటాయి. ఓపిగ్గా వినడం, మధ్యలో అడ్డు తగలకపోవడం ఆవిడకు ఉద్యోగం నేర్పిన విద్య.

సగం దారి హాయిగా గడిచింది. కొండదారి మొదలయ్యాక ఇంజను వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేవడం డాక్టరు గమనించాడు. ముందు ఏసీ కట్టేసి, "బయటి గాలి ఆరోగ్యం," అన్నాడు. తర్వాత వేగం తగ్గించి, "తొందరేముంది," అన్నాడు. ఆ పైన ముల్లు కనపడకుండా స్టీరింగ్ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా లోయ పక్కన విశాలమైన మలుపు వచ్చేసరికి కారు రెండుసార్లు దగ్గి, ముక్కుతూ మూలుగుతూ రోడ్డు వారకు చేరి ఆగిపోయింది. బానెట్ అంచుల్లోంచి తెల్లగా ఆవిరి లేచింది.

"ఏమైంది?" అంది భార్య.

"ఏమవుతుంది? ఏం కాలేదు. ఊరికే ఆపాను," అన్నాడు డాక్టరు. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది, నోరు అంత తేలిగ్గా ఆ మాట ఎలా అనేసిందా అని. "ఎప్పుడూ ఉరుకులు పరుగులే. కాస్త దిగి చూడండి, ఎంత బావుందో!"

"ఆ తెల్లగా వస్తోందేమిటి అల్లుడుగారూ?" అంది వెనక సీట్లోంచి అత్తగారు. ఆవిడకు ఏడాదిగా చూపు మసక. ఆ సంగతి ఒప్పుకోదు. కళ్ళద్దాలు ముసలివాళ్ళు పెట్టుకునేవని ఆవిడ ఉద్దేశం.

"పొగమంచండీ. కొండల్లో మామూలే."

ఎండ నడినెత్తి మీదికి వస్తోంది. భార్య ఆవిరిని చూసింది, ఎండను చూసింది, మొగుణ్ణి చూసింది. "పొగమంచు," అని మెల్లగా అనుకుని, ఫోను తీసుకుని అవతల చెట్టు నీడకు వెళ్ళింది. చెల్లెలితో మాట్లాడుతోంది కాబోలనుకున్నాడు డాక్టరు. ఆవిడ అటు వెళ్ళడంతో ఆయనకు కాస్త ఊపిరాడినట్టయింది.

మామగారు దిగి ఒళ్ళు విరుచుకుని, "ఇక్కడ ఆగుదల ఎంతసేపు?" అని అడిగారు.

"ఎంతసేపని లేదండీ. చూసినంతసేపు."

"చూడ్డానికేముందిక్కడ?"

నిజమే, ఏముంది? లోయ ఉంది, అవతల కొండ ఉంది. అలాంటివి పొద్దుట్నుంచీ వస్తూనే ఉన్నాయి. మామగారు సమాధానం లేకుండా వదిలే రకం కాదు. డాక్టరు చెయ్యెత్తి అవతలి కొండవైపు చూపించాడు.

"పిట్ట," అన్నాడు.

"పిట్టా?"

"మామూలు పిట్ట కాదండీ. చాలా అరుదు. ఏడాదిలో ఈ రోజుల్లోనే కనిపిస్తుంది. అదుగో, ఆ ఎండిన కొమ్మ మీద."

మామగారు కళ్ళు చికిలించి చూశారు. ఆయన నోరు తెరిచి, కనపడలేదని అనబోయారు. ఈలోగా అత్తగారు, "ఆ! కనిపించింది!" అంది. "ఎంత ముద్దుగా ఉందో! నీలంగా!"

డాక్టరు కొయ్యబారిపోయాడు. తాను పుట్టించిన పిట్టకు రంగు కూడా వచ్చేసింది.

"నీలమా? నాకు ఎర్రగా ఉన్నట్టుందే," అన్నారు మామగారు పట్టుదలగా. ఆవిడకు కనిపించింది తనకు కనిపించకపోవడం నలభయ్యేళ్ళ కాపురంలో ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు.

"తోక ఎరుపండీ," అని సర్దిచెప్పాడు డాక్టరు.

అత్తగారు వెంటనే చిన్నకూతురికి ఫోన్ చేసింది. "మీ బావగారు మాకు పిట్టను చూపిస్తున్నారే! అవును, నీలంది, ఎర్ర తోక. మీ ఆయన ఎప్పుడన్నా చూశాడేమో అడుగు." ఆ చివరి మాట డాక్టరుకు చెవిలో తేనె పోసినట్టనిపించింది. తోడల్లుడు చూడనిదాన్ని తను చూశాడు. అది అసలు లేదన్న సంగతి ఆ ఆనందాన్ని పెద్దగా తగ్గించలేదు.

మోటారు సైకిలు మీద పోతున్న ఒక కొత్త జంట, ముగ్గురు పెద్దమనుషులు కొండవైపు చూపిస్తూ నిలబడటం చూసి ఆగింది. "ఏంటండీ అక్కడ?" అన్నాడు కుర్రాడు. మామగారే చెప్పారు. ఆ అమ్మాయి కాసేపు చూసి, "ఓ, అదా! భలే ఉంది!" అంది. కుర్రాడు భార్య ముందు తేలిపోవడం ఇష్టంలేక, "రెండున్నాయి," అన్నాడు.

వాళ్ళను చూసి ఒక కారు ఆగింది. ఆ కారును చూసి ఒక మినీబస్సు ఆగింది. అందులోంచి ఉదయపు నడక సంఘం వాళ్ళు దిగారు. అందరికీ ఒకే రంగు టోపీలు. ముందు దిగిన అధ్యక్షుడి మెడలో ఈల ఒకటి, దూరదర్శిని ఒకటి వేలాడుతున్నాయి. ఆ దూరదర్శిని చూడగానే డాక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు.

అధ్యక్షుడు దాన్ని కళ్ళకు ఆనించి చాలాసేపు చూశాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. డాక్టరు అందరికంటే ఎక్కువ బిగబట్టాడు. చుట్టూ చేరిన సంఘ సభ్యులు, "ఏమండీ, కనిపించిందా?" అని అడిగారు. ఇన్నాళ్ళూ ఏ దారిలో నడవాలో, ఎక్కడ మలుపు తిరగాలో వాళ్ళకు చెబుతూ వచ్చిన మనిషి. కనిపించలేదని ఎలా అంటాడు?

"ఇది వలస పిట్ట," అన్నాడు గంభీరంగా, దూరదర్శిని దించుతూ. "చాలా పిరికిది. ఎవరూ మాట్లాడకండి. హారన్లు వద్దు. ముఖ్యంగా బండ్లు స్టార్ట్ చేయకండి, ఎగిరిపోతుంది."

డాక్టరుకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. "అవునవును, స్టార్ట్ చేయకూడదు," అన్నాడు గట్టిగా. అధ్యక్షుడు వేలు పెదవి మీద పెట్టుకుని కోప్పడ్డాడు.

ఆ తర్వాత సంగతులు డాక్టరు చేతుల్లో లేవు. వచ్చిన ప్రతి బండీ ఆగుతోంది, ఆగిన బండి స్టార్ట్ కావడం లేదు. ఎక్కణ్ణుంచి వాసన పట్టాడో, ఐస్‌క్రీమ్ బండివాడు వచ్చి, గంట కొట్టబోయి, అధ్యక్షుడి చూపుకు బెదిరి, గంటకు గుడ్డ చుట్టుకున్నాడు. కొందరు పిట్ట ముక్కు పసుపన్నారు, కొందరు నలుపన్నారు. గుసగుసగానే గట్టి వాదన జరిగింది. తేల్చమని డాక్టరు దగ్గరకొచ్చారు. "ఎండను బట్టి మారుతుంది," అన్నాడాయన. ఆ జవాబు అందరికీ నచ్చింది. ఒకాయన నోట్లో వేలు పెట్టి చూపిస్తూ, పళ్ళ డాక్టరట కదా, ఈ పన్ను కాస్త చూడండి అని కూడా అడిగాడు.

భార్య చెట్టు కింద రాయి మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటోంది. డాక్టరు దగ్గరకెళ్ళి, "నువ్వూ వచ్చి చూడరాదూ?" అన్నాడు.

"ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తోంది లెండి," అంది ఆవిడ, ఆయన్నే చూస్తూ.

అప్పుడొచ్చింది పోలీసు జీపు. ఎస్సై దిగి, రెండువైపులా నిలిచిపోయిన బండ్లను చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ముందు ఆపింది ఎవరు?"

అంత ఐకమత్యం డాక్టరు ఎన్నడూ చూడలేదు. గుంపులో ఉన్న ప్రతి చెయ్యీ ఆయన వైపే తిరిగింది. మామగారి చెయ్యి కూడా.

"బండి తీయండి సార్."

"ష్!" అన్నాడు అధ్యక్షుడు. "పిట్ట బెదురుతుంది."

"ఏ పిట్ట?" ఎస్సై దూరదర్శిని లాక్కుని చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "అక్కడేం లేదు. కొమ్మ ఉంది, అంతే."

చివరికి ఒక్క మనిషి నిజం చెప్పాడు. ఇక గుట్టు రట్టయినట్టే. డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. కానీ అత్తగారు ముందుకొచ్చి ఎస్సై భుజం తట్టింది.

"చిన్న వయసు నాయనా నీది. కళ్ళు ఒకసారి చూపించుకో. అశ్రద్ధ చేయకూడదు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎస్సై వంక జాలిగా చూశారు. మోటారు సైకిలు అమ్మాయి, "పాపం," అని కూడా అంది. ఎస్సై మళ్ళీ దూరదర్శిని ఎత్తాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు. ముఖంలో రంగులు మారాయి. "ఆ... ఆకుల చాటున ఉంది కదూ?" అన్నాడు, గొంతు తగ్గించి. తర్వాత తన హోదా గుర్తొచ్చి, "పిట్ట సంగతి పిట్టదే. ట్రాఫిక్ సంగతి నాది. మీ బండి మలుపు మీదుంది సార్, ముందు అది కదిలితేనే మిగతావి కదుల్తాయి. మెల్లగా, చప్పుడు కాకుండా తీయండి," అన్నాడు.

చప్పుడు కాకుండా తీయడం ఆ కారుకు ఇప్పుడు ఎంత సులువో డాక్టరుకు తెలుసు. అసలు చప్పుడే రాదు. ఆయన ఉరికంబం వైపు నడిచే ఖైదీలా వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. అంతమందీ కొండవైపు చూడటం మానేసి ఆయన వైపు చూస్తున్నారు. తాళం చేత్తో పట్టుకుని, తిప్పకుండా, అద్దం సరిచేసుకున్నాడు. సీటు ముందుకు జరుపుకున్నాడు. వెనక్కి జరుపుకున్నాడు. ఇక జరపడానికి ఏమీ మిగల్లేదు.

అప్పుడే మలుపు అవతల్నుంచి చెవులు చిల్లులు పడేలా హారన్ మోగింది. కొండలన్నీ మారుమోగాయి. "పోయింది! ఎగిరిపోయింది!" అని అధ్యక్షుడు తల పట్టుకున్నాడు. చెడిపోయిన బండ్లను ఎత్తుకెళ్ళే పెద్ద లారీ ఒకటి రోడ్డు వారగా వచ్చి ఆగింది. డాక్టరు భార్య రాయి మీంచి లేచి, చేతులు తుడుచుకుని, దానికి చెయ్యూపింది.

"మీరేనామ్మా పొద్దున ఫోన్ చేసింది?" అన్నాడు డ్రైవరు తల బయటపెట్టి. "ఆలస్యమైంది, ఏమనుకోకండి. దార్లో ఇంకో బండి ఎక్కించుకోవాల్సి వచ్చింది."

లారీ వీపు మీద, తాళ్ళతో కట్టి, తళతళలాడుతూ ఒక కొత్త కారుంది. ఆ కారును డాక్టరు కనీసం యాభై ఫొటోల్లో చూశాడు. డ్రైవరు పక్కన ఎవరో వార్తాపత్రికను తలకిందులుగా పట్టుకుని శ్రద్ధగా చదువుతున్నారు.

"తమ్ముడూ!" అన్నాడు డాక్టరు. ఆ పిలుపులో అంత ప్రేమ ఆయనెప్పుడూ పలికించలేదు.

తోడల్లుడు పత్రిక దించాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత అతను తాపీగా దిగి, చొక్కా సర్దుకున్నాడు.

"మీరంతా పిట్టను చూస్తున్నారని మీ మరదలు చెబితే, నేనూ చూద్దామని బయల్దేరానన్నయ్యా."

"లారీలోనా?"

"కొత్త బండి కదా! అనవసరంగా కిలోమీటర్లు పెరగడం ఎందుకని ఎక్కించి తెస్తున్నా."

డాక్టరు తలాడించాడు. ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో ఆ క్షణాన ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లోకంలో లేరు. పళ్ళికిలించి నవ్వాలని ప్రాణం కొట్టుకుంది. కానీ నవ్వితే తనూ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

"మరి మీ బండికేమైందన్నయ్యా?" అననే అన్నాడు తోడల్లుడు.

"ఏమవుతుంది? ఇంజను స్టార్ట్ చేస్తే పిట్ట బెదురుతుంది. అందుకని ఎత్తించేద్దామని..." డాక్టరు భార్య వైపు చూడకుండా పూర్తి చేశాడు, "...మీ వదిన చేత లారీ పిలిపించాను."

ఎస్సై ముఖం విప్పారింది. "మూగజీవి కోసం ఇంత చేసేవాళ్ళని నా సర్వీసులో చూడలేదు సార్," అని చెయ్యి కలిపాడు. నడక సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎలాగూ పిట్ట ఎగిరిపోయింది కాబట్టి, గట్టిగానే కొట్టారు. ఐస్‌క్రీమ్ బండివాడు గంటకు చుట్టిన గుడ్డ విప్పేశాడు.

నాటకానికి వేళవుతోంది. మినీబస్సు ఆ ఊరి మీదుగానే పోతుందట. అధ్యక్షుడు అత్తగారికి ముందు సీటు ఖాళీ చేయించాడు. మామగారు బస్సు ఎప్పుడు కదులుతుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో డ్రైవర్ని అడిగి తెలుసుకుని గాని ఎక్కలేదు. డాక్టరు భార్య మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"మీరిద్దరూ బండ్లతో రండి. దార్లో పొగమంచు పడుతుందేమో, జాగ్రత్త," అంది.

పాత కారును లారీ వెనక కట్టారు, కొత్త కారు పైన కూర్చుంది. తోడల్లుళ్ళిద్దరూ డ్రైవరు పక్కన ఒకే సీట్లో ఇరుక్కున్నారు. చాలాదూరం రోడ్డు వంకే చూశారు.

"అన్నయ్యా, ఆ పిట్ట నిజంగానే ఉందా?" అన్నాడు తోడల్లుడు చివరికి.

"ఉంది. నీ బండి నిజంగా కిలోమీటర్ల కోసమే ఎక్కించావా?"

"అందుకే."

"మంచి పని చేశావు."

ఊరి చివర షెడ్డులో రెండు కార్లూ దించారు. ఇద్దరూ వేరువేరుగా మెకానిక్కుని పక్కకు పిలిచి, చెవిలో మాట్లాడి, ఏమీ విననట్టు తిరిగొచ్చారు. ఆ తర్వాత ఆటో పట్టుకుని బడికి పరుగెత్తారు. వాళ్ళు వెళ్ళేసరికి హాల్లోంచి చప్పట్లు వినిపిస్తున్నాయి. పక్క తలుపులోంచి దూరి, వెనక వరసలో కూలబడ్డారు. అప్పటికే తెర దిగిపోయింది. ఇద్దరూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. డాక్టరు లేచి నిలబడి మరీ కొట్టాడు.

బయట వసారాలో అందరూ కలిశారు. పాప తలమీద అట్టకిరీటంతో, బుగ్గలకు ఎర్రరంగుతో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. ముఖం చిన్నబుచ్చుకుని ఉంది. వెనక అత్తగారు, మామగారు, డాక్టరు భార్య.

"ఎప్పుడొచ్చారు అల్లుడుగారూ? కనపడలేదే," అంది అత్తగారు.

"మొదట్నుంచీ ఉన్నామండీ, వెనక వరసలో," అన్నాడు డాక్టరు. పాప ముఖం చూసి ఆయన మనసు కలుక్కుమంది. వంగి బుగ్గ నిమిరాడు. "ఎందుకమ్మా దిగులు? ఎంత బాగా చేశావు! డైలాగులు గంట కొట్టినట్టు చెప్పావు."

"ఒక్కటంటే ఒక్క మాట తప్పలేదు!" అన్నాడు తోడల్లుడు. తండ్రిగా వెనకబడటం ఇష్టంలేక, "నాకైతే కళ్ళనీళ్ళాగలేదు," అని కూడా చేర్చాడు.

"చివరి సీనైతే మరీనూ," అన్నాడు డాక్టరు.

పాప ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పెదనాన్నా, మా నాటకం రేపటికి మార్చారు. ఇవాళ పెద్ద క్లాసువాళ్ళ పాటలకే టైమంతా అయిపోయింది," అంది.

డాక్టరు భార్య చేతిసంచి భుజానికి తగిలించుకుని, ఆఫీసులో బల్ల ముందు కూర్చున్నట్టే ఓపిగ్గా మొగుడి వైపు తిరిగింది.

"చెప్పండి, వింటాను. చివరి సీన్లో ఏం జరిగింది?"

పళ్ళ డాక్టరు గొంతు సవరించుకున్నాడు. తోడల్లుడి వైపు చూశాడు. అటునుంచి సాయమేమీ రాలేదు.

"రేడియేటర్ పైపు పగిలింది," అన్నాడు.

"నాది బ్యాటరీ," అన్నాడు తోడల్లుడు.